ఎద్దు ముందే చెప్పింది

పొదిలి, దర్శి, కనిగిరి పల్లెల నీళ్లలో ఏదో ఉందని మనిషి కంటే ముందు ఎద్దు కాలు చెప్పింది. ఆ కాలినీ, నోటినీ చదవడం నేర్పే చదువే పశు శరీర నిర్మాణ శాస్త్రం, అంటే అనాటమీ. పశువైద్య కళాశాలలో అందరూ ఒక ఏడాది ముక్కు మూసుకుని దాటిపోయే గది అది. ఆ గదిలోనే ఉద్యోగ జీవితమంతా గడిపే అధ్యాపకుల పని ఏమిటి? మార్కాపురం, గిద్దలూరు వైపు ఆ పనితో అవసరం ఏముంది?

పశ్చిమ ప్రకాశంలో తిరునాళ్లకు బండలాగుడు లేకపోతే వెలితి. పోటీకి ముందు కమిటీవాళ్లు గిత్తల దగ్గరికి వస్తారు. ఒకరు ముక్కుతాడు పట్టుకుంటే ఇంకొకరు బొటనవేలితో కింది పెదవి దించి పళ్లు చూస్తారు. పాలపళ్ల జతకు ఒక విభాగం, రెండు పళ్లు వేసినవాటికి ఇంకొకటి, ఆపైన నాలుగు, ఆరు. పుట్టినతేదీ కాగితం ఎవరూ అడగరు. అడిగినా చూపించేవాడు ఉండడు. యజమాని తన గిత్త ఇంకా చిన్నదని ఎంత వాదించినా, నోరు తెరిచాక వాదన ముగిసినట్టే.

ఆ కమిటీ పెద్దమనిషి చేసిన పనినే పశువైద్య కళాశాలలో మొదటి ఏడాది విద్యార్థి చేత చేయిస్తారు. కాకపోతే వాడి చేతికి ఇచ్చేది శుభ్రం చేసి ఆరబెట్టిన దవడ. ఆవుజాతికి పై దవడలో ముందుపళ్లు ఉండవు, ఆ చోట గట్టి చిగురు దిండు ఉంటుంది. కింద ఎనిమిది ముందుపళ్లు, రెండు దవడల్లో కలిపి దంతాలన్నీ 32. మూపురం ఉన్న మన జాతుల్లో మొదటి జత శాశ్వత పళ్లు రెండు, రెండున్నర ఏళ్లకు వస్తాయి. తర్వాత కొంచెం అటూ ఇటుగా ఏడాదికో జత. కడపళ్లు వేసేసరికి పశువుకు నాలుగున్నర, ఐదేళ్లు. సంతలో బేరగాడికీ ఇంతవరకు తెలుసు. అనాటమీ అధ్యాపకుడు అక్కడితో ఆగడు. ఈ పన్ను చిగురు చీల్చుకుని బయటికి రాకముందు దవడ ఎముకలో ఎన్నాళ్లు తయారైంది, ఆ రోజుల్లో ఈ పశువు ఏ నీళ్లు తాగింది అని అడుగుతాడు.

ఈ రెండో ప్రశ్నకూ మన పడమటి పల్లెలకూ తొంభై ఏళ్ల నాటి చుట్టరికం ఉంది.

మనుషుల కంటే ముందు

1930ల తొలి ఏళ్లలో పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేవి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లావి. 1970 ఫిబ్రవరి 2న మూడు జిల్లాల ముక్కలు కలిపి ఒంగోలు జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. ఈ సర్దుబాట్లకు చాలా ముందే నెల్లూరు జిల్లా పడమటి రైతులు తమ ఎద్దుల్లో ఒక తేడా కనిపెట్టారు. మంచి వయసులో ఉన్న ఎద్దు నడవలేకపోతోంది. కీళ్లు బిగుసుకుపోయి, లేవదీస్తే నొప్పితో అడుగు వేయడం లేదు. దెబ్బ తగిలిందా అంటే లేదు. గిట్టలో ముల్లు లేదు. గాలికుంటు సోకిన గుర్తులు నోట్లోనూ లేవు, గిట్టల మధ్యనూ లేవు.

నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ జబ్బు పేరు ఫ్లోరోసిస్. మన దేశంలో దాని చరిత్ర ఎవరు రాసినా ఈ ఎద్దులతోనే మొదలుపెడతారు. 1934లో హైదరాబాద్ సంస్థానంలోని పశువుల్లో ఇలాంటి జబ్బే ఉందని మహాజన్ నమోదు చేశారు. 1935 నాటికి మద్రాసు ప్రెసిడెన్సీ పశువుల ఫ్లోరోసిస్ గురించి విశ్వనాథన్ రాసింది నివేదికలకెక్కింది. మనుషుల వంతు ఆ తర్వాత వచ్చింది. హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ మీద 1937లో వ్యాసం అచ్చు వేశారు. అప్పటికి పల్లెల్లో వంగిపోయిన నడుములు, కదలని మెడలు, మరకల పళ్లు ఉండనే ఉన్నాయి. డాక్టర్లు వాటికి పేరు పెట్టింది మాత్రం అప్పుడే. ఈ షార్టే పదకొండేళ్ల తర్వాత మలేరియా క్రిమి రక్తంలోకి రాకముందు కాలేయంలో తలదాచుకుంటుందని గార్న్‌హామ్‌తో కలిసి చూపించి లోకమంతా పేరు తెచ్చుకున్నాడు. మన కనిగిరి ఎముకల సంగతి ఆయన జీవితకథల్లో ఒక మూలన ఉంటుంది.

జబ్బు ఎద్దులో ముందు ఎందుకు బయటపడింది? ఎండాకాలంలో పెద్ద పశువు రోజుకు నలభై లీటర్లకు పైగా నీళ్లు తాగుతుంది. అదే నీటితో పెరిగిన గడ్డి, చొప్ప తింటుంది. దాని ఆయుష్షు మనకంటే చిన్నది, కాబట్టి మనిషికి పాతికేళ్లు పట్టే మార్పు దానిలో నాలుగైదేళ్లలో కనిపిస్తుంది. పైగా అది బరువు లాగి బతికే జీవి. కీలు బిగుసుకుంటే ఆ రోజే తెలిసిపోతుంది.

ఒంట్లో చేరి నిలిచిన ఫ్లోరైడ్‌లో దాదాపు అంతా ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. ఎముక ఖనిజంలో హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట అది దూరి కూర్చుంటుంది. ఎముక మీది పొర రెచ్చిపోయి, అవసరం లేని చోట కొత్త ఎముక పోస్తుంది. ముందుకాలి మోకాలి కింద పొడవాటి ఎముక ఉంది కదా, మెటాకార్పల్. ఆరోగ్యంగా ఉన్న ఎద్దుకు దాని మీద వేళ్లు జరిపితే నున్నగా జారిపోతాయి. ఫ్లోరైడ్ పట్టిన ఎద్దుకు వేళ్లకింద గరుకు తగులుతుంది, ముదిరితే గడ్డల్లా తగులుతుంది. పక్కటెముకల మీద, కింది దవడ అంచున కూడా అంతే. ఎముకలో ఎంత చేరిందో కొలవాలంటే పశువును చంపక్కర్లేదు. మత్తిచ్చి తోక చివరి వెన్నుపూస ముక్క తీసుకుంటే సరిపోతుంది.

పళ్ల సంగతి ఇంకా ఆసక్తికరం. ఎనామెల్ పోసే కణాలు పన్ను దవడలో తయారవుతున్నప్పుడే పనిచేస్తాయి, పన్ను బయటికి వచ్చాక ఉండవు. ఆ రోజుల్లో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ కణాలు దెబ్బతిని, సున్నం రంగు మచ్చలతో, పసుపు, గోధుమ గీతలతో, గుంటలతో పన్ను పుడుతుంది. ముందుపళ్ల నాలుగు జతలూ ఒకేసారి తయారు కావు. కాబట్టి ఏ జత మీద మచ్చ ఉందో చూసి పశువు ఏ వయసులో ఏ నీళ్లు తాగిందో లెక్క కట్టవచ్చు. మొదటి రెండు జతలు చెడి, కడపళ్లు తెల్లగా ఉన్నాయనుకోండి. దూడప్పుడు చెడ్డ నీళ్లున్న ఊళ్లో పెరిగి, తర్వాత చేతులు మారి మంచి నీళ్ల ఊరికి వచ్చిందన్నమాట. పళ్లన్నీ శుభ్రంగా ఉండి కాళ్ల ఎముకల మీద మాత్రం గడ్డలుంటే అది బయట పెరిగి, పళ్లు వేశాక మన ఊరికి వచ్చి చెడింది. యజమాని చెప్పని కొనుగోలు చరిత్ర కూడా దవడ చెబుతుంది.

ఇది మన కరువు సీమకే పట్టిన పీడ అనుకోనక్కర్లేదు. ఐస్‌లాండ్‌లో 1783లో లాకీ అగ్నిపర్వతం పగిలినప్పుడు ఫ్లోరిన్ నిండిన బూడిద గడ్డి మీద రాలింది. ఆ దేశపు గొర్రెల్లో దాదాపు ఎనభై శాతం, పశువుల్లో సగం చచ్చిపోయాయి. వెనకే మనుషులకు కరువు వచ్చింది. వాళ్లకది ఆకాశం నుంచి రాలింది. మనకు గ్రానైటు రాళ్ల పగుళ్లలో నానిన నీళ్లతో బోరులోంచి వస్తోంది. రాజస్థాన్‌లో ఎస్.ఎల్. చౌబీసా ఏళ్ల తరబడి ఆవులు, గేదెలు, ఒంటెల ఫ్లోరోసిస్ మీద రాశారు. పెద్ద పశువుల కంటే గొర్రెలు, మేకల్లో జబ్బు తక్కువగా కనిపిస్తుందని ఆయన గమనిక. జీవాలే ఎక్కువగా ఉన్న మన ప్రాంతానికి ఈ మాట పనికొస్తుంది. కానీ మన నెల్లూరు గొర్రె ఎముకను చూసి నిర్ధారించుకోవాల్సింది మనమే.

ఫార్మలిన్ గది

మన వైపు నుంచి పశువైద్యానికి పోయే పిల్లల దారి దాదాపు ఒకటే. ఇంటర్‌లో బైపీసీ, ఇంట్లోవాళ్లకు ఎంబీబీఎస్ మీద ఆశ, చివరికి బీవీఎస్సీ అండ్ ఏహెచ్ సీటు. స్వాతంత్ర్యానికి ముందు చదవాలంటే 1903లో పెట్టిన మద్రాసు కళాశాలకు రైలెక్కాలి. 1946లో హైదరాబాద్‌లో, 1955లో తిరుపతిలో కళాశాలలు వచ్చాక తెలుగువాళ్లకు చాలాకాలం అవే దిక్కు. గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి తర్వాతి మాట. 2005లో తిరుపతి కేంద్రంగా శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. గిద్దలూరు కుర్రాడు ఇప్పుడు పోరుమామిళ్ల, మైదుకూరు మీదుగా ప్రొద్దుటూరు పోతే చాలు.

హాస్టల్లో పెట్టె దించిన కొద్ది రోజులకే డిసెక్షన్ హాల్లో నిలబడాలి. తలుపు తీయకముందే వాసన, తీశాక కళ్లలో మంట. బల్ల మీదో, పైన ఇనుప కమ్మీకి కొక్కేలతో నిలబెట్టినట్టుగానో ఉండేది చాలాసార్లు దున్న దూడ. దాన్ని అక్కడికి తేవడం ఒక పెద్ద పని. పశువును మత్తులో ఉంచి, మెడలోని కెరోటిడ్ ధమని తెరిచి రక్తం తీసేస్తారు. అదే ధమనిలోకి గొట్టం పెట్టి, ఎత్తున కట్టిన డబ్బాలోంచి ఫార్మలిన్, గ్లిజరిన్, కార్బాలిక్ ఆమ్లం కలిపిన ద్రవం మెల్లగా దించుతారు. రక్తం తిరిగిన దారులన్నీ ఆ ద్రవం తిరుగుతుంది. తర్వాత నెలల తరబడి ఆ ఒళ్లు కుళ్లదు. చర్మం, కండరం, నరం, రక్తనాళం, పొట్ట, ఎముక వరుసగా పొర తర్వాత పొర విప్పుతారు.

సార్ చేతిలో కత్తి కంటే ఫోర్సెప్స్ ఎక్కువసేపు ఉంటుంది. కోయడం సులువు, వేరుచేయడం కష్టం. కొవ్వులో దాగిన సన్నటి నరాన్ని తెంపకుండా బయటికి తీయడానికి ఒక మధ్యాహ్నం పడుతుంది. పిల్లలు ఆవలిస్తారు. అప్పుడాయన దూడ ఎడమ డొక్క మీద చెయ్యి పెట్టి అడుగుతాడు: "రాత్రి పన్నెండింటికి ఊళ్లో గేదెకు పొట్ట ఉబ్బి ఊపిరి ఆడట్లేదు. గొట్టం ఎక్కడ గుచ్చుతావురా?" ఆవలింతలు ఆగుతాయి. చివరి పక్కటెముకకూ, తుంటి ఎముక మొనకూ, నడుము వెన్నుపూసల అంచుకూ మధ్యనున్న ఆ గుంటలో, ఎడమవైపే. పెద్దపొట్ట అక్కడ చర్మానికి ఆనుకుని ఉంటుంది. కుడివైపు గుచ్చితే పేగుల్లోకి పోతుంది.

తేనెతుట్టె గదుల్లాంటి లోపలి పొర ఉన్న రెండో పొట్ట, రెటిక్యులమ్, ఇంకో పాఠం. పశువు మేతను పెదవులతో ఏరుకుని తినదు, గడ్డితోపాటు తీగముక్క, మేకు కూడా మింగేస్తుంది. అవి ఈ పొట్టలోనే ఆగుతాయి. దీనికీ గుండెకూ మధ్య ఉన్నది పలచటి విభాజక పటలం ఒక్కటే. పొట్ట ముడుచుకున్నప్పుడల్లా మేకు ముందుకు జరిగి, ఒకరోజు గుండె పొరను గుచ్చుతుంది. ఆవు మేత మానేసి మోచేతులు బయటికి పెట్టి నిలబడితే ఈ అమరిక తెలిసిన డాక్టరుకు అనుమానం వస్తుంది. అదే ఆవు గుండెను కోసి చూస్తే లోపల రెండు చిన్న ఎముకలుంటాయి. మొదటిసారి విన్నప్పుడు ఏ విద్యార్థీ నమ్మడు. సార్ వాటిని తీసి అరచేతిలో పెడతాడు.

పరీక్షలో స్పాటింగ్ అంటే అందరికీ హడలు. బల్లల మీద వరుసగా అవయవాలు, ఎముకలు, ఒక్కోదానికి గుచ్చిన జెండా సూది. గంట కొట్టగానే పక్క బల్లకు జరగాలి. గొర్రె పుర్రెనా, మేక పుర్రెనా? కంటి ముందు చిన్న గుంట ఉంటే గొర్రె, లేకపోతే మేక. గొర్రెకు నాలుగు కాళ్ల గిట్టల మధ్యా చిన్న సంచి ఉంటుంది, మేకకు ఉండదు. ఇది మార్కుల కోసం పెట్టిన చిక్కుముడిలా కనిపిస్తుందిగానీ, మాంసం కల్తీ కేసులో ఇలాంటి తేడాలే సాక్ష్యం.

గిద్దలూరు వాళ్లకు ఇందులో ఇంకో సంబంధం ఉంది. ఊరి పడమటి అంచు నుంచే నల్లమల. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం అటే. చుక్కల దుప్పి, కడితి, కొండగొర్రె, నాలుగు కొమ్ముల జింక తిరిగే అడవి. అడవి పక్క వంటింట్లో దొరికిన ఎముక మేకదా, దుప్పిదా? 1972 వన్యప్రాణి చట్టం కింద ఒకడు జైలుకు పోవాలా, ఇంటికి పోవాలా అన్నది దాని మీదే ఆధారపడుతుంది. ఇప్పుడు హైదరాబాద్ సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ ప్రయోగశాల డీఎన్ఏతో తేల్చేస్తోంది. అయినా కీళ్ల ఆకారం చూసి మొదటి మాట చెప్పగలిగినవాడు అనాటమిస్టే. ఉడికించిన ఎముకలో డీఎన్ఏ పాడైపోయినా ఆకారం మిగులుతుంది.

గుర్రం పుస్తకం, ఒంగోలు గిత్త

ఈ శాస్త్రానికి గుర్రం మీద మొదటి నుంచీ మోజు. 1598లో ఇటలీలో అచ్చైన కార్లో రుయినీ పెద్ద గ్రంథం గుర్రం శరీరం మీదే. 1761లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో మొదటి పశువైద్య పాఠశాల పెట్టిన క్లాడ్ బూర్జెలా స్వయంగా గుర్రపు స్వారీ గురువు. ఆ పాఠశాల పెట్టడానికి పెద్ద కారణం పశువులను ఊడ్చేస్తున్న ముసర వ్యాధి అయినా, పాఠం మాత్రం గుర్రంతోనే నడిచింది. యుద్ధాలు, బండ్లు, దొరలు అన్నీ గుర్రం మీదే ఆధారపడ్డాయి మరి. 1910లో సెప్టిమస్ సిస్సన్ రాసిన పుస్తకం తరతరాల విద్యార్థులకు బైబిల్. అందులోనూ ముందు పీట గుర్రానిదే. పెళ్లి ఊరేగింపులో తప్ప గుర్రాన్ని దగ్గరగా చూడని బేస్తవారిపేట కుర్రాడు, ఇంట్లో తెల్లారిలేస్తే ముట్టుకునే ఎద్దును 'గుర్రానికి ఇలా, ఎద్దుకు ఇలా కాదు' అనే పోలికతో నేర్చుకోవాల్సి వచ్చింది. 1964లో భారత వ్యవసాయ పరిశోధన మండలి రాఘవన్ చేత ఎద్దు అనాటమీ పుస్తకం అచ్చు వేయించడం అందుకే పెద్ద మలుపు. మన విద్యార్థి చేతికి మన పశువు పుస్తకం వచ్చింది.

అయినా ఒంగోలు గిత్త దగ్గరికి ఇంకా పూర్తిగా రాలేదనే నా అభిప్రాయం. ప్రపంచానికి మనం ఇచ్చిన పశువు అది. బ్రెజిల్‌లో దాని పేరే నెలోర్, నెల్లూరు నుంచి వెళ్లింది కాబట్టి. 1960ల తొలి ఏళ్లలో ఒంగోలు పక్కన కరవది ఊరి పేరు పెట్టుకుని ఒక ఆంబోతు వెళ్లింది, దాని సంతతి అక్కడి మందల్లో లక్షలు. వియాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ నలభై లక్షల డాలర్లు దాటి గిన్నిస్‌కెక్కింది. ఈ ఘనత చెప్పుకోవడంలో మనకు అలుపు లేదు. దాని ఒళ్లు కొలిచి రాసుకోవడంలో మాత్రం ఆ ఉత్సాహం కనిపించదు.

ఉదాహరణకు మూపురం. గిత్త అందమంతా అక్కడే అంటారు. కళాశాల మ్యూజియంలో ఒంగోలు ఎద్దు అస్థిపంజరం నిలబెడితే ఆ మూపురం కనిపించదు. అందులో ఎముకే లేదు. భుజం మీది రాంబాయిడ్ కండరం ఉబ్బి, మధ్యమధ్య కొవ్వు చేరిన దిబ్బ అది. దాని కింద ఉన్న వెన్నుపూసల ముళ్లు కొన్ని చివర రెండుగా చీలి ఉంటాయి. తవ్వకాల్లో దొరికిన వెన్నుపూస మూపురం పశువుదా కాదా అని పురావస్తు శాస్త్రవేత్తలు ఆ చీలికతోనే గుర్తుపడతారు. గిత్త చర్మంలో చెమట గ్రంథులు యూరప్ పశువుల కంటే పెద్దవి, పైపొరకు దగ్గరగా ఉంటాయి. మే నెల ఎండలో మార్కాపురం పలకల గనుల పక్కన నిలబడి ఆ గిత్త నెమరేయగలగడానికి ఈ చర్మం కూడా ఒక కారణం.

పరిశోధన అంటే చాలావరకు ఈ స్థాయి పనే. ఎంవీఎస్సీ విద్యార్థి తెల్లవారుజామున కబేళాకు పోయి గేదె గర్భసంచిలో దొరికిన పిండాన్ని తెస్తాడు. నెత్తి నుంచి తోక మొదలు దాకా దారంతో కొలుస్తాడు. 1975లో సోలిమాన్ ఇచ్చిన సూత్రం ఉంది: 20 సెంటీమీటర్లు దాటిన గేదె పిండానికి ఆ కొలతను 2.256తో హెచ్చించి 73.544 కలపాలి. 30 సెంటీమీటర్ల పిండం అంటే వయసు సుమారు 141 రోజులు. తర్వాత అవయవం ముక్క కోసి, మైనంలో పోసి, మైక్రోటోమ్‌తో ఐదారు మైక్రాన్ల మందం పొరలు తీసి, హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు పట్టించి సూక్ష్మదర్శిని కింద పెడతాడు. రెండేళ్లు కూర్చుని ఒక్క గ్రంథి ఎప్పుడు పుట్టి ఎలా పెరిగిందో రాస్తాడు. ఇంట్లో అమ్మకు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

ఊరికెళ్తే ఏమీ కానివాడు

ఈ శాఖకు మెరికల్లాంటి పిల్లలు తక్కువగా వస్తారు, దానికి కారణాలు దాచక్కర్లేదు. సర్జరీ, గైనిక్, మెడిసిన్ చదివినవాడికి ఊళ్లో గౌరవం, సాయంత్రం ప్రాక్టీసు ఉంటాయి. ఏపీపీఎస్సీ రాసి పశువైద్యుడిగా చేరితే మండలంలో అందరికీ డాక్టరు గారే. అనాటమీలో పీహెచ్‌డీ చేసి, నెట్ రాసి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నుంచి ప్రొఫెసర్ దాకా ఎక్కినాయన సంక్రాంతికి ఊరొస్తే, పక్కింటి పెదనాన్న బర్రెకు ఇంజెక్షన్ వేయమంటాడు. నేను పాఠాలు చెప్పేవాణ్ని పెదనాన్నా అంటే, "అంటే డాక్టరువి కాదా అబ్బాయ్?" అని జాలి పడతాడు. ఆ మండలంలో పనిచేసే డాక్టర్లకు ఎడమ డొక్క చూపించింది అలాంటి సారే అని ఎవరూ చెప్పరు.

రెండోది గాలి. ఫార్మాల్డిహైడ్ మనుషులకు క్యాన్సర్ కారకమని 2004లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. విద్యార్థి ఒక ఏడాది పీల్చి బయటపడతాడు. అధ్యాపకుడూ, హాల్ అటెండరూ ముప్పై ఏళ్లు పీలుస్తారు. అటెండర్ల గురించి ఎవరూ రాయరు గానీ ఎముకలు నానబెట్టడం, సోడా వేసి ఉడికించడం, పెరాక్సైడ్‌తో తెల్లబరచడం, తీగలు గుచ్చి అస్థిపంజరం నిలబెట్టడం చాలాచోట్ల వాళ్ల చేతి పని. 1977లో జర్మనీలో గుంథర్ ఫాన్ హాగెన్స్ కనిపెట్టిన ప్లాస్టినేషన్‌తో ఒకసారి చేసిన నమూనా ఏళ్ల తరబడి వాసన లేకుండా ఉంటుంది. అది ప్రతి కళాశాలకూ కావాలి. కంప్యూటర్ తెర మీద తిప్పి చూసే ఆవు బొమ్మలు సాయం చేస్తాయి, అంతవరకే. నరం ఎక్కడ జారిపోతుందో వేలికి తెలియాలి.

దవడలు దాచిపెట్టండి

మనుషులు ఇప్పుడు బోరు నీళ్లు తాగడం తగ్గించారు. కనిగిరిలో, పొదిలిలో, మార్కాపురంలో క్యాన్ నీళ్లు, శుద్ధి ప్లాంటు నీళ్లు ఇంటింటికీ వచ్చాయి. పశువుకు క్యాన్ నీళ్లు ఎవరు పోస్తారు? దాని తొట్టిలోకి అదే బోరు పైపు. అంటే భూమిలోని నీళ్లను ఇప్పటికీ నేరుగా తాగుతున్న సాక్షి అదొక్కటే. 1930లలో ఎద్దు మనకంటే ముందు చెప్పింది. ఇప్పుడు మనం చెప్పలేనిది కూడా అదే చెప్పాలి.

రెండో సంగతి వెలిగొండ. శ్రీశైలం నీళ్లు నల్లమల కింద జంట సొరంగాల్లోంచి ఈ పడమటి మండలాలకు రావాలని ఈ ప్రాంతం ఎన్నేళ్లుగానో ఎదురుచూస్తోంది. చెరువులు నిండి, పశువులు బోరు నుంచి చెరువు నీళ్లకు మారిన రోజున, అంతకుముందు పుట్టిన దూడ దవడకూ తర్వాత పుట్టిన దూడ దవడకూ తేడా రావాలి. నీళ్లు వచ్చి జనం ఆరోగ్యం మారిందా అని మనుషుల్లో తేల్చడానికి ఒక తరం పడుతుంది. పశువుల్లో ఐదారేళ్లు చాలు. అయితే పోల్చి చూడాలంటే 'ముందు' దవడలు ఇప్పుడే దాచుకోవాలి. నీళ్లొచ్చాక వెతికితే దొరకవు.

ఇది ఖరీదైన పని కాదు. పశువులకు చెవిపోగు వేసి 12 అంకెల సంఖ్య ఇచ్చారు. ఆ సంఖ్యతోపాటు నోటి ఫోటో, ముందుకాలి ఎముక మీద వేలికి తగిలింది ఒక్క మాట రాస్తే చాలు. తిరుపతి, ప్రొద్దుటూరు అనాటమీ శాఖలు ఒక బ్యాచ్ పీజీ విద్యార్థులను ఎండాకాలంలో కొనకనమిట్ల, వెలిగండ్ల, పెద్దారవీడు మండలాలకు పంపాలి. చనిపోయిన పశువుల దవడలు, తోక పూసలు సేకరించి ఊరి పేరుతో, బోరు నీటి ఫ్లోరైడ్ లెక్కతో భద్రపరచాలి. మార్కాపురంలోనో, కంభంలోనో ఒక గదిలో ఈ ఎముకలు ఉంటే, బైపీసీ పిల్లలు వచ్చి చూస్తే, వాళ్లలో ఒకరిద్దరికైనా ఈ చదువు మీద మనసు పడుతుందని నా ఆశ.

రైతులకు ఒక మాట. మీ కోడె కింది పెదవి దించి ముందుపళ్లు చూడండి. తెల్లగా, నున్నగా ఉంటే సరే. సున్నపు మచ్చలు, గోధుమ గీతలు, గుంటలు జతజతగా కనిపించినా, మంచి వయసు ఎద్దు తరచూ కుంటుతున్నా, ముందుకాలి ఎముక మీద గరుకు తగిలినా పశువైద్యశాలలో చూపించండి, లేదా 1962కు ఫోన్ చేయండి. ఆ తొట్టిలోకి వచ్చే బోరు నీళ్లను గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు మనిషికి పనికిరావు. చూలు ఆవుకూ, పాలు మరిచిన దూడకూ వీలైనంతవరకు వాననీళ్లో, చెరువు నీళ్లో పెట్టండి.